ముందున్నవాడే యాక్సిలరేటర్ వదిలాడు

2023 ఫిబ్రవరి 11, శనివారం. హుస్సేన్‌సాగర్ పక్కన, రోజూ బస్సులూ ఆటోలూ తిరిగే ఎన్టీఆర్ మార్గ్ మీద ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ పోటీ చివరి ల్యాపులకు వచ్చింది. ముందు ఫ్రెంచ్ డ్రైవర్ జాన్-ఎరిక్ వెర్న్. ఆయన వెన్నంటే న్యూజిలాండ్‌కు చెందిన నిక్ కాసిడీ. కాసిడీ బ్యాటరీలో చార్జింగ్ ఎక్కువ మిగిలింది, వెర్న్‌కు తక్కువ. ఇలాంటప్పుడు ముందున్నవాడు శక్తికొద్దీ కారును ఉరికిస్తాడని ఎవరైనా అనుకుంటారు. వెర్న్‌కు ఆ వీలే లేదు. మలుపు ఇంకా కొంత దూరం ఉండగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, మిగిలిన ఆ కాస్త చార్జింగ్‌ను గీత దాటేదాకా సాగదీయాలి. అలాగని కాసిడీకి సందు ఇవ్వకూడదు. చివరికి అర సెకను కూడా లేని తేడాతో వెర్నే గెలిచాడు.

ఆ రోజు గ్యాలరీల్లో కూర్చున్న చాలామంది సచిన్ టెండూల్కర్‌ను చూశారు, సినిమా తారలను చూశారు, ఇంజిన్ మోత లేకుండా సన్నగా ఈలవేస్తూ పోయే కార్లను చూసి కొంత నిరాశపడ్డారు కూడా. అసలు ఆట మాత్రం కంటికి కనిపించే చోట జరగలేదు. స్టీరింగ్ మీది చిన్న తెరపై అంకెల్లో జరిగింది. మోటార్ రేసింగ్ అంటే తెగింపు అని మనకు నాటుకుపోయింది. తెగింపు కావాల్సిందే, కానీ ఈ స్థాయిలో అది అందరికీ ఉంటుంది. తేడా వచ్చేది నిబంధనల పుస్తకం దగ్గర. పుస్తకం ఎక్కడ నొక్కిపడితే వ్యూహం అక్కడ పుడుతుంది. హైదరాబాద్ పోటీ దానికి మన ముంగిట్లోనే దొరికిన పాఠం. ప్రపంచ స్థాయి రేసు మన దేశానికి వచ్చి అప్పటికి పదేళ్లు దగ్గర పడింది. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో చివరి ఫార్ములా వన్ జరిగింది 2013లో.

ఫార్ములా ఈలో పుస్తకం నొక్కిపట్టింది కరెంటును. ఆ ఏడాది వచ్చిన మూడో తరం కారు బ్యాటరీలో పోటీకి వాడుకోగలిగేది గరిష్ఠంగా 38.5 కిలోవాట్-అవర్లు. కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే ముప్పై ఎనిమిదిన్నర యూనిట్లు. ట్రాక్‌ను బట్టి అందులోనూ కోత పెట్టవచ్చు. హైదరాబాద్ ట్రాక్ పొడవు 2.83 కిలోమీటర్లు, మలుపులు 18. ముప్పైకి పైగా ల్యాపులు తిరగాలి. మొదటి నుంచీ చివరిదాకా యాక్సిలరేటర్ తొక్కిపెట్టి నడిపితే బ్యాటరీ సగం దారిలో చేతులెత్తేస్తుంది. అది కారు లోపం కాదు. కావాలనే అలా పెట్టారు.

మరి మిగతా దారికి కరెంటు ఎక్కడిది? బ్రేకు దగ్గర పుడుతుంది. డ్రైవర్ కాలు తీయగానే చక్రాలను తిప్పే మోటారు కాస్తా డైనమోగా మారుతుంది. పరుగులో ఉన్న కారు ఊపును కరెంటుగా మార్చి బ్యాటరీలోకి వెనక్కి పంపుతుంది. ఈ పని ఎంత గట్టిగా చేస్తుందంటే, మూడో తరం కారుకు వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులే పెట్టలేదు. వెనక మోటారు 350 కిలోవాట్లు, ముందున్నది 250 కిలోవాట్లు, కలిపి 600 కిలోవాట్ల దాకా ఊపును లాక్కోగలవు. పోటీలో ఖర్చయ్యే కరెంటులో 40 శాతం దాకా ఇలా తిరిగొచ్చినదే అని నిర్వాహకుల లెక్క.

అందుకే కాలు ఎక్కడ తీయాలన్నదే పెద్ద విద్య. మలుపుకు వంద మీటర్ల ముందు తీయాలా, నూటయాభై ముందా? ముందే తీస్తే కరెంటు మిగులుతుంది, టైము పోతుంది. ఆలస్యంగా తీస్తే టైము మిగులుతుంది, కరెంటు పోతుంది. ఒక ల్యాపులో ఇలాంటి చోట్లు అరడజనుంటే, ఒక్కోచోట ఎన్ని మీటర్లన్నది కంప్యూటర్లతో రోజుల తరబడి లెక్కకట్టి వస్తారు. పోటీ మొదలయ్యాక ఆ లెక్క తప్పుతుంది. ఎందుకంటే ముందు ఇంకో కారు ఉంటుంది.

ముందున్న కారు గాలిని చీల్చుకుంటూ పోతుంది. వెనక వచ్చేవాడికి ఆ గాలి దెబ్బ తక్కువ, అంచేత కరెంటు ఖర్చూ తక్కువే. వాడు ఆ నీడలో కూర్చుని పొదుపు చేసుకుని చివర్లో ఖర్చుపెడతాడు. ఈ కిటుకు అందరికీ తెలిసిపోయాక కొన్ని ట్రాకుల్లో ముందుండటానికే ఎవరూ ఇష్టపడని పరిస్థితి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఆధిక్యం చేతులు మారీ మారీ చూసేవాళ్లకు తల తిరిగింది. హైదరాబాద్‌లో రోడ్డు ఇరుకు, దాటడానికి చోట్లు తక్కువ. ముందున్నవాడు నెమ్మదించినా వెనకవాడికి దారి దొరకదు. వెర్న్ నమ్ముకున్నది సరిగ్గా ఇదే. చార్జింగ్ తక్కువున్నా, దాటగలిగిన చోట మాత్రం గట్టిగా తొక్కి, దాటలేని చోట కాలు తీశాడు. కాసిడీ దగ్గర కరెంటు ఉంది, దాన్ని ఖర్చుపెట్టే చోటు లేకపోయింది.

మామూలుగా ఈ కార్లకు పోటీలో 300 కిలోవాట్ల శక్తి, అంటే సుమారు 400 హార్స్‌పవర్. అటాక్ మోడ్ అనే ఏర్పాటు కింద ఇంకో 50 కిలోవాట్లు కాసేపు వాడుకోవచ్చు. ఊరికే ఇవ్వరు. కార్లు సాధారణంగా పోయే దారి వదిలి, మలుపు బయటి అంచున గుర్తు పెట్టిన చోటు మీదుగా వెళ్లి రావాలి. అక్కడికి వెళ్తే ఒక సెకనో రెండో పోతాయి, వెనక ఉన్నవాడు ముందుకు దూరవచ్చు. ఆ సీజన్‌లో ఒక్కొక్కరికి మొత్తం నాలుగు నిమిషాలు ఇచ్చారు. రెండు విడతల్లో వాడుకోవాలి. ఒకటీ మూడా, రెండూ రెండా, మూడూ ఒకటా అన్నది జట్టు ఇష్టం. వెనక ఖాళీ దొరికినప్పుడు వెళ్లినవాడు నష్టపోడు. గుంపులో ఇరుక్కుని గడువు ముంచుకొచ్చాక వెళ్లినవాడు నాలుగైదు స్థానాలు పోగొట్టుకుంటాడు.

ఇక ఆ రోజు అన్నిటికంటే విచిత్రమైన సంగతి మూడో స్థానానిది. గీత దాటినప్పుడు మూడో వాడు స్విట్జర్లాండ్ డ్రైవర్ సెబాస్టియన్ బ్వేమి. ఆ స్థానం ఆయనకు దక్కలేదు. అనుమతించిన దానికంటే ఎక్కువ శక్తి వాడాడని కొలత పరికరాలు పట్టేశాయి. శిక్షగా సెకన్లు కలిపేసరికి పాయింట్లు రాని చోటికి జారిపోయాడు. ఎవరినీ గుద్దలేదు, అడ్డదారి తొక్కలేదు. బ్యాటరీ నుంచి బయటికొచ్చే కరెంటును ప్రతి క్షణం కొలిచే పరికరం ప్రతి కారులోనూ ఉంటుంది. 300 అంటే 300, అటాక్ మోడ్‌లో 350 అంటే 350. గతుకుల రోడ్డు మీద చక్రం గాల్లోకి లేచి మళ్లీ నేలను పట్టుకునేటప్పుడు శక్తి ఒక్క క్షణం ఎగదన్నడం ఈ కార్లలో మామూలే. అందుకే ఇంజినీర్లు గీతకు కాస్త కింద ఆగేలా సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఎంత కింద అన్నది మళ్లీ జూదమే. ఎక్కువ జాగ్రత్తపడితే వేగం పోతుంది, తక్కువ పడితే స్థానం పోతుంది.

ఆ మూడో స్థానం పోర్చుగల్ డ్రైవర్ ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టాకు దక్కింది. ఫార్ములా ఈలో అది ఆయన నూరో పోటీ. పుస్తకం చేతిలో ఆయన పడ్డ దెబ్బ ఒకటుంది కాబట్టి, ఈ లాభం ఆయనకే రావడం భలే కుదిరింది.

2021 ఏప్రిల్ 24, స్పెయిన్‌లోని వలెన్సియా. అప్పట్లో ఫార్ములా ఈ పోటీ ల్యాపుల లెక్కన కాదు, గడియారం లెక్కన నడిచేది. నలభై అయిదు నిమిషాలు, ఆ మీద ఒక ల్యాపు. ప్రమాదం జరిగి సేఫ్టీ కారు వస్తే అందరూ నెమ్మదిగా తిరుగుతారు, కరెంటు మిగిలిపోతుంది. ఆ మిగులును పోగొట్టడానికి, సేఫ్టీ కారు తిరిగిన సమయాన్ని బట్టి అందరి వాటాలోంచి కొంత కరెంటు కోసేసేవారు. ఆ రోజు వానలో సేఫ్టీ కారు మళ్లీ మళ్లీ వచ్చింది, కోతలు పడుతూనే ఉన్నాయి. ముందున్న ద కోస్టా గడియారం సున్నాకు రావడానికి కొన్ని సెకన్ల ముందే గీత దాటేశాడు. అంతే. ఆ కొన్ని సెకన్ల వల్ల ఇంకో పూర్తి ల్యాపు అదనంగా తిరగాల్సి వచ్చింది. ఎవరి దగ్గరా దానికి సరిపడా కరెంటు లేదు. ఒక్కో కారూ నడక వేగానికి పడిపోయింది, కొన్ని ఆగిపోయాయి, వాటా మించి వాడిన వాళ్లపై వేటు పడింది. నిక్ డి వ్రీస్ గెలిచాడు. ప్రపంచమంతా నవ్వింది.

ఇందులో ఎవరిది తప్పు? కోతలు పుస్తకంలో ఉన్నవే, జట్లకు తెలిసినవే. కానీ రెండు సక్రమమైన నిబంధనలు ఒకచోట ఢీకొంటే ఏమవుతుందో ఎవరూ ముందుగా ఊహించలేదు. తర్వాతి సీజన్‌కు కరెంటు కోసే పద్ధతి తీసేసి సమయం కలపడం మొదలుపెట్టారు. 2023కు గడియారాన్నే పక్కనపెట్టి ల్యాపులకు మారారు, సేఫ్టీ కారు వస్తే అదనపు ల్యాపులు కలుపుతారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ప్రేక్షకులు చూసింది ఆ దెబ్బ తర్వాత దిద్దిన పుస్తకాన్ని.

వ్యూహం ఎంత బాగున్నా మనిషి తప్పటడుగు వేస్తే చేసేదేమీ లేదని కూడా అదే రోజు తేలింది. ముందు వరసలో మొదటి స్థానం నుంచి బయల్దేరినవాడు జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్. మూడో మలుపు దగ్గర ఆయన్ని వెనక నుంచి గుద్దింది సొంత జట్టు సహచరుడే, శామ్ బర్డ్. రెండు జాగ్వార్లకూ పోటీ అక్కడే ముగిసింది. ఆ జట్టు గదిలో ఆ సాయంత్రం మాటలు ఎలా నడిచాయో ఊహించుకోవచ్చు.

పెట్రోలు కార్ల లోకంలో పుస్తకం నొక్కేది వేరే చోట, టైరు దగ్గర. ఫార్ములా వన్‌లో 2010 నుంచి పోటీ మధ్యలో పెట్రోలు నింపడం నిషేధం. పొడి ట్రాక్ మీద మాత్రం కనీసం రెండు రకాల టైర్లు వాడి తీరాలి, అంటే ఒక్కసారైనా ఆగాలి. చక్రాలు మార్చడానికి రెండు మూడు సెకన్లే పట్టినా, లోపలికి వచ్చి బయటికి పోవడంతో కలిపి ఇరవై సెకన్ల వరకూ పోతాయి. ఎదుటివాడి కంటే ఒక ల్యాపు ముందే ఆగి, కొత్త టైర్ల పట్టుతో వేగం పెంచి, వాడు ఆగి వచ్చేసరికి ముందుండటాన్ని అండర్‌కట్ అంటారు. అసలు ఆగడమే తగ్గించుకోవడం ఇంకో దారి. ఆ దారిన పోయి గెలిచి ఓడినవాడు జార్జ్ రసెల్.

2024 జులై 28, బెల్జియంలోని స్పా. ముందున్న వాళ్లు రెండుసార్లు ఆగారు, రసెల్ ఒక్కసారే ఆగి పాత టైర్ల మీదే లాగించాడు. సొంత జట్టు సహచరుడు లూయిస్ హామిల్టన్‌ను అర సెకను తేడాతో ఆపి మొదట గీత దాటాడు. ఆ సీజన్‌కే సాహసమైన వ్యూహమని అందరూ మెచ్చుకున్నారు. తర్వాత కారును తూకానికి ఎక్కించారు. అప్పట్లో కనీసం 798 కిలోలు ఉండాలి. మొదట సరిగ్గా 798 చూపింది. నిబంధన ప్రకారం ట్యాంకులో మిగిలిన 2.8 లీటర్ల పెట్రోలు తీసి మళ్లీ తూచారు. 796.5. కిలోన్నర తక్కువ. గెలుపు పోయింది, హామిల్టన్ విజేత అయ్యాడు.

జహీరాబాద్ దగ్గరి ఝరాసంగం మండలంలో చెరుకు పండించే రైతుకు ఈ కథ చెబితే ఆశ్చర్యపోడు, కాటా దగ్గర కిలోల కోసం వాదించడం అంటే ఏమిటో ఆయనకు తెలుసు. ఆశ్చర్యపోవాల్సింది ఆ కిలోన్నర ఎటు పోయిందన్న దాని గురించి. పాత టైర్లు ఎక్కువ దూరం తిరిగితే రబ్బరు ఎక్కువ అరుగుతుంది. మామూలుగా పోటీ అయ్యాక నెమ్మదిగా ఒక ల్యాపు తిరుగుతూ రోడ్డు మీద రాలిన రబ్బరు ముక్కలను టైర్లకు అంటించుకుని వస్తారు, కాస్త బరువు చేరుతుంది. స్పాలో ట్రాక్ చాలా పొడవు, ఆ పూర్తి ల్యాపు తిరగనివ్వరు. గెలిపించిన వ్యూహమే తూకంలో ముంచిందని గట్టిగా అనలేం కానీ, అనుమానం ముందుగా వెళ్లేది అటే.

టైరు నిబంధనే ఒక భారతీయుడికి కలిసొచ్చిన రోజూ ఉంది. 2005లో ఒకే సెట్టు టైర్లతో పోటీ మొత్తం నడపాలన్న నియమం పెట్టారు. ఆ ఏడాది జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఏటవాలు మలుపును తమ టైర్లు తట్టుకోలేవని మిషెలిన్ చెప్పింది. ఆ టైర్లున్న 14 కార్లు ఒక చుట్టు తిరిగి వెనక్కి వచ్చేశాయి. మిగిలిన ఆరు కార్లతోనే పోటీ నడిచింది. కోయంబత్తూరు నరేన్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చాడు. ఫార్ములా వన్‌లో ఒక భారతీయుడికి దక్కిన మొదటి పాయింట్లు అవే. ఎలా వచ్చినా పాయింటు పాయింటే.

హైదరాబాద్‌లో సొంత జట్టు అనిపించుకున్నది మహీంద్రా. 2014లో ఫార్ములా ఈ పుట్టిన నాటి నుంచీ అది బరిలో ఉంది. జహీరాబాద్ వాళ్లకు ఈ పేరు కొత్త కాదు. ఒకప్పటి ఆల్విన్-నిస్సాన్ బండ్ల ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వచ్చి మూడు దశాబ్దాలు దాటింది, 2013 నుంచి అక్కడ ట్రాక్టర్లూ తయారవుతున్నాయి. హుస్సేన్‌సాగర్ దగ్గర పోటీ జరిగిన వారంలోనే జహీరాబాద్‌లో ఎలక్ట్రిక్ బండ్ల కోసం 1,000 కోట్ల రూపాయలు పెడతామని కంపెనీ ప్రకటించింది. అంటే సరుకు మోసే, మనుషులను తిప్పే చిన్న బండ్లు. రేసు కారు మాత్రం ఇక్కడ పుట్టింది కాదు. మహీంద్రా రేసింగ్ జట్టు ఇల్లు ఇంగ్లండ్‌లోని బాన్‌బరీ. కాలు తీస్తే కరెంటు పుట్టే సూత్రం రెండు బండ్లకూ ఒకటే. రేసు కారు సాఫ్ట్‌వేర్ యథాతథంగా ఆటోలోకి దిగుతుందనుకుంటే మాత్రం అమాయకత్వమే. కంపెనీల ప్రకటనలు అలా అనుకోమనే చెబుతాయి, అది వేరే సంగతి.

ఆ రోజు మహీంద్రా డ్రైవర్ ఆలివర్ రోలాండ్ ఆరో స్థానంలో వచ్చాడు. ఇంటి పోటీకి గౌరవమైన ఫలితమే. అసలు పరీక్ష రెండు వారాలకు వచ్చింది. ఫిబ్రవరి 25న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో, వెనక సస్పెన్షన్ భాగం మీద అనుమానం వచ్చి మహీంద్రా తన రెండు కార్లనూ పోటీ నుంచి తీసేసింది. అదే యంత్రాలు కొనుక్కుని నడుపుతున్న ఆప్ట్ జట్టు కార్లూ ఆగిపోయాయి. పాయింట్ల పట్టికలో అది సున్నా. గోడల మధ్య గంటకు రెండు వందల కిలోమీటర్ల పైన పోయే కారులో వెనక చక్రం మీద నమ్మకం లేదని తెలిసి పంపకపోవడం ఆ సీజన్‌లో ఆ జట్టు తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటి. రోలాండ్ ఆ ఏడాది మధ్యలోనే జట్టు వదిలాడు. తర్వాత నిస్సాన్ తరఫున 2024-25 సీజన్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. కరెంటు పొదుపులో గట్టివాడని పేరున్న డ్రైవర్లలో అతనొకడు.

మళ్లీ జహీరాబాద్ వైపు వస్తే, ఝరాసంగానికి కేతకీ సంగమేశ్వరస్వామి గుడి పేరే ఇప్పటికీ పెద్ద గుర్తు. కొన్నేళ్లుగా ఇంకో పేరు కూడా వినిపిస్తోంది, నిమ్జ్. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో భూములు తీసుకుని ఏర్పాటు చేస్తున్న జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలి అది. భూములు పోయిన రైతుల గొడవలు ఇంకో వ్యాసానికి సరిపడా ఉన్నాయి. 2024 ఆగస్టులో హ్యుందాయ్ తెలంగాణలో కార్ల మెగా టెస్ట్ సెంటర్ పెడతామని చెప్పింది, దానికి అనుకున్న చోటు ఈ జహీరాబాద్ నిమ్జే. టెస్ట్ ట్రాక్ అంటే పోటీ జరిగే చోటు కాదు. బ్రేకు ఎన్నిసార్లు తొక్కితే అరుగుతుంది, ఎండలో బ్యాటరీ ఎంత వేడెక్కుతుంది, గతుకు మీద సస్పెన్షన్ ఎన్నేళ్లు ఆగుతుంది అని విసుగు లేకుండా తిప్పి తిప్పి చూసే చోటు. కేప్‌టౌన్‌లో దొరికిన లాంటి లోపం మామూలు కార్లలో రోడ్డెక్కకముందే బయటపడాలంటే ఆ పని జరగాల్సిందే.

హైదరాబాద్‌కు రెండో పోటీ రాలేదు. 2024 ఫిబ్రవరి 10కి ఖరారైనది, రాష్ట్రంలో ప్రభుత్వం మారాక ఆ జనవరిలో రద్దయింది. ఆ రెండో పోటీ కోసం చేసిన డబ్బు చెల్లింపుల వ్యవహారం 2024 డిసెంబరులో ఏసీబీ కేసు దాకా వెళ్లింది. ఆ వాదన కోర్టుల్లో నడవాల్సినది.

ఫార్ములా ఈ పోటీ మాత్రం మారిపోతూ ఉంది. 2025 ఫిబ్రవరిలో సౌదీలోని జెద్దాలో పిట్ బూస్ట్ మొదలుపెట్టారు. కొన్ని పోటీల్లో కారు మధ్యలో ఆగి, 600 కిలోవాట్ల చార్జర్ తగిలించుకుని, 30 సెకన్లలో 3.85 యూనిట్లు ఎక్కించుకోవాలి. ఎప్పుడు ఆగాలన్న ప్రశ్న అలా ఎలక్ట్రిక్ కార్లకూ వచ్చింది. అటు ఫార్ములా వన్ ఎదురు దిక్కు నుంచి ఇటే వస్తోంది. 2026 నిబంధనలతో కారు శక్తిలో దాదాపు సగం విద్యుత్తుదే. 120 కిలోవాట్ల మోటారు స్థానంలో 350 కిలోవాట్లది వచ్చింది. దానికి తగ్గ కరెంటు ప్రతి ల్యాపులోనూ కూడబెట్టుకోవాలి కాబట్టి, నేరు దారుల్లో ఎక్కడ వాడాలి, ఎక్కడ దాచాలి అన్న లెక్క ఇప్పుడు ఫెరారీ డ్రైవర్‌కూ తప్పదు. ఫార్ములా ఈ నాలుగో తరం కారు 2026-27 సీజన్ నుంచి గరిష్ఠంగా 600 కిలోవాట్లతో, ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటుతో వస్తోంది. మహీంద్రా దానికీ పేరు నమోదు చేసుకుంది. పాత కారు కోసం బాన్‌బరీలో లెక్కకట్టి పెట్టుకున్న కాలు తీసే మీటర్ల పట్టికలన్నీ దాంతో మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి.